చదివి వినిపించడమైనది

లా చదివేవాళ్లకు ఎండాకాలం సెలవులంటే సెలవులు కావు. ఎవరో ఒక వకీలు ఆఫీసులో నెల రోజులు పనిచేసి, ‘ఈ అమ్మాయి బుద్ధిగా పని నేర్చుకుంది’ అని ఆయన సంతకంతో కాగితం తెచ్చుకోవాలి. ఆ కాగితం చూపిస్తేనే కాలేజీలో మార్కులు పడతాయి. మూడో సంవత్సరం ఎండాకాలంలో నాకు ఆ కాగితం రాలేదు. క్లాసు మొత్తంలో రానిది నాకొక్కదానికే. ఎందుకు రాలేదని ఇప్పటికీ అడుగుతుంటారు, నేనేదో చేయరాని పని చేసినట్టు గొంతు తగ్గించి మరీ అడుగుతారు. నేను మాత్రం గొంతు తగ్గించి జవాబు చెప్పను.

మాది రాప్తాడు. మా నాయన నబీ రసూల్‌కు హైవే పక్కన మోటార్లు చుట్టే షాపుంది. బోరు మోటారు ఏ ఊళ్లో కాలిపోయినా ఆయన దగ్గరికే వస్తుంది. చుట్టుపక్కల పది ఊళ్లలో మోటార్ల రసూలంటే తెలియని రైతు లేడు. అది చూసే సోలార్ కంపెనీ మనిషి వెంకటేశులు ఆయన్ని పట్టుకున్నాడు. ‘రైతులు నా మాట నమ్మరు రసూలన్నా, నీ మాటైతే నమ్ముతారు’ అన్నాడు. నాయన మాట్లాడాడు. బీడు పడిన భూమిని కంపెనీకి లీజుకిస్తే ఏటా కౌలు వస్తుందనీ, పలకల కింద గొర్రెలు కూడా మేపుకోవచ్చనీ, వెంకటేశులు తనతో ఏం చెప్పాడో అదే ఊళ్లో చెప్పాడు. ఆ కంపెనీ కాగితాలు చూసే వకీలు నాగేశ్వర సార్. అనంతపురంలో ఆయన ఆఫీసులో నాకు చోటు దొరికింది వెంకటేశులు సిఫార్సుతోనే. ఈ సంగతి దాచిపెట్టి చివర్లో చెప్పడం నాకిష్టం లేదు, అందుకే ముందే చెప్పేశాను.

నాగేశ్వర సార్ చెడ్డవాడేమీ కాదు. మే నెలంతా కోర్టులకు కూడా సెలవులే కాబట్టి, కోర్టు చూద్దామని వచ్చిన నాకు కోర్టు గేటు తాళం మాత్రమే కనిపించింది. ఫైళ్లకు పేజీ నంబర్లు వేయడం, దారంతో కుట్టడం, జిరాక్సులు తేవడం, ఇదే పని. అయినా సాయంత్రం పూట సార్ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పేవాడు. ఒకరోజు ఒక దస్తావేజు నా ముందర తిరగేసి పెట్టాడు.

"కాగితాన్ని చివరి పేజీ నుంచి చదవాలమ్మా ఆరీఫా. మొదటి పేజీలో అందరూ మర్యాదగానే ఉంటారు. ఎవరు ఎవరికి ఏం కట్టబెడుతున్నారో చివర్లో తెలుస్తుంది."

ఆ మాట ఆఫీసు ఇచ్చిన డైరీలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. మూడేళ్లలో నాకు ఎవరూ చెప్పని మాట అది.

రెండో వారంలో సోలార్ కంపెనీ లీజు ఒప్పందాలు ప్రింటై వచ్చాయి. మనిషికొకటి, నూట పది. ఒక్కొక్కటి పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. నేను బుద్ధిగా చివరి పేజీ తెరిచాను. ఆ పేజీలో అడుగున మాత్రం నాలుగు లైన్లు తెలుగులో ఉన్నాయి. ‘ఇందలి విషయములన్నియు భూమి ఇచ్చువారికి తెలుగులో చదివి వినిపించి, అర్థమగునట్లు వివరించడమైనది. వారు విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినారు.’ దాని కింద చదివి వినిపించినవారి సంతకానికి ఖాళీ. ఆ ఖాళీలో పెన్సిలుతో అప్పటికే నా పేరు రాసిపెట్టారు. నూట పది కాగితాల మీదా ఆరీఫా, లా విద్యార్థిని.

రాసింది గుమస్తా ఓబుళేసు. ముప్పై ఏళ్లుగా ఆ ఆఫీసు ఆయన చేతుల మీదుగానే నడుస్తోంది.

"ఓబుళేసన్నా, ఇది నేను ఎప్పుడు చదివి వినిపించినా?"

"ఏంది పాపా?"

చూపించాను. ఆయన నవ్వాడు.

"ఆ మాట ముప్పై ఏండ్లుగా ఉండాది. ఎవురన్నా ఒకరు చదివినారేమో అడుగు పో. అది చీరకు అంచు మాదిరి. అంచు లేకుంటే చీర అయితాదా?"

"అంచైనా ఎవురో ఒకరు నెయ్యాల కదన్నా. నెయ్యకుండానే నేసినట్టు నన్ను సంతకం పెట్టమంటే ఎట్ల?"

"నీకు ఎండ దెబ్బ తగిలినట్టుండాది, పోయి మజ్జిగ తాగు" అని కట్టంతా నా చేతుల్లోంచి తీసుకుని బీరువాలో పెట్టేశాడు. నేను మిగతా పేజీలు చూడనేలేదు.

రెండు రోజుల తర్వాత ఊరికి పోయాం. ఆ ఊరి పేరు రాయను. వాళ్లను అడగకుండా రాస్తే ఆ కంపెనీకీ నాకూ తేడా ఉండదు. నాయన తన మోపెడ్ మీద నన్ను ఎక్కించుకుని పోయాడు. దారి పొడుగునా ఆయనకు సంతోషమే. "అమ్మా, పెద్దోల్ల ఆఫీసు. వాల్లు ఏం చెప్తే అది చెయ్, ఎదురు మాట్లాడాకు" అని రెండుసార్లు చెప్పాడు. తన కూతురు వకీలు తరపున ఊళ్లోకి వస్తోందని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

బడికి సెలవులు కాబట్టి బడి వరండాలో కూర్చున్నాం. ఇరవై మంది దాకా వచ్చారు. వెంకటేశులు పేరు పిలిస్తే మొదట హనుమంతమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, నాలుగెకరాల చేను, పంతొమ్మిది గొర్రెలు, అంతే ఆమె ఆస్తి. ఓబుళేసు అప్పటికే ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పలక మీద అద్దుతున్నాడు.

"ఒక్క నిమిషం ఉండన్నా" అన్నాను. "చదవాల."

"ఏం చదివేది?"

"ఈ కాగితం. చదివి వినిపించినానని నా పేరు రాస్తిరి. చదవకుండా సంతకం ఎట్ల పెట్టేది?"

వెంకటేశులు తల పట్టుకున్నాడు. "నూట పది మంది ఉండారు పాపా!"

"నూట పది సార్లు చదువుతా."

జనం నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు, వద్దన్నట్టు నాకు కళ్లతో సైగ చేశాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలో ఆ మొండితనం ఎక్కడిదని అడిగితే, మా అమ్మ షహనాజ్ ఒకే సమాధానం చెబుతుంది: అది మీ నాయనదే, బజార్లో కొనుక్కొచ్చింది కాదు కదా.

"చదవనీలేప్పా" అంది హనుమంతమ్మ. "నాకేం తొందర? గొర్లు నీడకు పండుకోనుండాయి."

ఆమె పక్కన కింద కూర్చుని మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఒక వాక్యం నాలో నేను చదువుకోవడం, తెలుగులో ఆమెకు చెప్పడం. పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినదాన్ని, మొదటి పేజీలోనే మూడు చోట్ల ఆగిపోయాను. ఇండెమ్నిటీ అనే మాటకు ఎనిమిది మార్కుల జవాబు రాయగలను గానీ హనుమంతమ్మకు చెప్పడం చేతకాలేదు. ఆఖరికి "ఈ భూమి మీద ఎవురన్నా తగవు తెచ్చి కంపెనీకి నష్టమొస్తే, అది నువ్వే కట్టియ్యాలవ్వా" అన్నాను. "ఓహో, అట్లనా" అంది ఆమె. ఆ మాటకు అర్థం నాకు కూడా నిజంగా తెలిసింది అప్పుడే. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

తొమ్మిదో పేజీకి వచ్చాను. పదకొండో షరతు. ఇంగ్లీషులో చదువుకున్నాను, మళ్లీ ఒకసారి చదువుకున్నాను. తలెత్తి చూస్తే నాయన స్తంభానికి ఆనుకుని నిలబడి ఎవరితోనో మోటారు సంగతి మాట్లాడుతున్నాడు. ఆ వరండాలో ఓబుళేసు కాక ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. దాటేస్తే ఎవరికీ తెలియదు.

చదివాను.

"కంచె లోపలికి భూమి ఇచ్చినోల్లు గానీ, వాల్ల మనుషులు గానీ, గొడ్లు గొర్లు గానీ కంపెనీ రాసిచ్చిన అనుమతి లేకుండా రాకూడదు. వస్తే కేసు పెట్టే హక్కు కంపెనీకి ఉండాది."

హనుమంతమ్మ నా వైపు చూడలేదు. నాయన వైపు తిరిగింది.

"రసూలూ, మేపుకోవచ్చంటివే?"

నాయన వెంకటేశులు వైపు చూశాడు. వెంకటేశులు చేతులూపాడు.

"కాగితంలో అట్లే రాస్తారవ్వా. ఎవురొచ్చి అడ్డం పడతారు? సుమ్మనే, మాటవరసకు రాసేది అది."

"అడ్డం పడనోల్లు ఎందుకు రాసినారప్పా?" అంది హనుమంతమ్మ. "ఆ భూమి నాకు బువ్వ పెట్టి ఏండ్లాయ. ఇప్పుడు పెడతాండేది గొర్లే."

ఆమె బొటనవేలి సిరాను కొంగుకు తుడుచుకుంది. కాగితం ఓబుళేసుకు తిరిగి ఇవ్వకుండా మడిచి, అదే కొంగున ముడేసుకుని లేచింది. ఆమె వెనకాలే ఒకరొకరు లేచారు. పోతూ పోతూ అందరూ నాయన వైపు ఒకసారి చూశారు. ఒక్కరు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాయన మోపెడ్ స్టార్ట్ చేసి, నన్ను పిలవకుండానే వెళ్లిపోయాడు. నేను రోడ్డు దాకా నడిచి ఆటో పట్టుకుని ఇంటికి చేరాను.

మరుసటి రోజు సార్ గదిలోకి పిలిచాడు.

"నిన్న ఎన్ని సంతకాలయ్యాయమ్మా?"

"ఒక్కటీ కాలేదు సార్."

"ఈ ఆఫీసులో మన కక్షిదారు ఎవరు?"

"కంపెనీ సార్."

"మరి నువ్వు నిన్న ఎవరి పని చేశావు?"

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అది నాకు తెలుసు కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

"నేను ఎవరి పనీ చెయ్యలేదు సార్. చదివినానని నాతో సంతకం పెట్టించుకుంటాండారు, అందుకని చదివినా. చివరి పేజీ నుంచి చూడమని చెప్పింది మీరే."

సార్ మూతి మీదికి నవ్వు రాబోయి ఆగింది. "డైరీ ఇక్కడ పెట్టి వెళ్లమ్మా. రేపటి నుంచి రావద్దు" అన్నాడు.

భయం వేయలేదని అబద్ధం చెప్పను. మెట్లు దిగుతూ పోయినదంతా లెక్కేసుకున్నాను. రెండు వారాలు ఫైళ్లకు నంబర్లు వేసిన కష్టం, మార్కులు, అన్నీ గంగలో కలిశాయి. అయినా మళ్లీ పైకెక్కి తప్పయిందని చెప్పాలని మాత్రం అనిపించలేదు.

ఇంట్లో నాయన నాతో మాట మానేశాడు. తొమ్మిది రోజులు. నీళ్లు కావాలన్నా, పేపరు కావాలన్నా అమ్మకే చెప్పేవాడు. "మీ ఇద్దరి మధ్యలో నన్ను పెట్టి నలుపుతాండారు. ఒకే ఇంట్లో ఉండేదానికి నేను పోస్టుమ్యానా?" అని అమ్మ గిన్నెలు ఎత్తి వేసేది. అదే వారంలో ఆ ఊరి మోటార్లు రెండు ట్రాక్టరు మీద మా షాపు ముందర నుంచే అనంతపురానికి రిపేరుకు వెళ్లిపోయాయి. నాయన షట్టరు దగ్గర నిలబడి చూశాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. దానితో పాటు ఆయన మీద కోపమూ వచ్చింది. కాగితం చూడకుండా మాట ఇచ్చింది ఆయన, మూతి ముడుచుకునేది నా మీద.

పదో రోజు మధ్యాహ్నం షాపులోకి రమ్మని కబురు పెట్టాడు. పోతే స్టూలు మీద కూర్చుని రాగి తీగ చుట్టుకుంటున్నాడు. బల్ల మీద మడతలు పడిన కాగితాల కట్ట. హనుమంతమ్మ కొంగున కట్టుకుపోయిన కాగితమే అది. తనే పోయి ఆమెను అడిగి తెచ్చాడు.

"చదువు" అన్నాడు.

"మీరు ముందే చూసింటే..."

"చూడల్య. మోటారు చుట్టినా అని నేను చెప్తే, ఇంతవరకు ఒక్కడన్నా విప్పి చూసినాడా? మాటే చాలు. వాని మాటా అట్లాంటిదే అనుకుంటి." తీగ చుడుతూనే చెప్పాడు. "చదువు. మొత్తం."

పద్నాలుగు పేజీలూ చదివాను. ఆయన చుట్లు లెక్కపెడుతూనే విన్నాడు. చుట్టు ఒకటి తక్కువైనా ఎక్కువైనా మోటారు మళ్లీ కాలుతుంది, అందుకే చుట్టేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడు. పదకొండో షరతు దగ్గర లెక్క తప్పింది. చుట్టిందంతా విప్పేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను మిగతాది చదివి ముగించాను.

మరుసటి రోజు షాపు మూసి ఆ ఊరికి పోయాడు. ఏం చేశాడో ఆయన చెప్పలేదు. తిప్పన్న అనే రైతు చెబితే తెలిసింది. ప్రతి ఇంటి ముందర మోపెడ్ ఆపి, లోపలికి పోకుండా గడప బయటే నిలబడి, "నేను చెప్పింది తప్పు. చూడకుండా చెప్పినా. కాగితం చదివించుకోకుండా వేలు పెట్టాకండి" అన్నాడట. నా పుట్టుకలో మా నాయన తప్పు ఒప్పుకున్నట్టు నేను వినడం అదే మొదటిసారి. ఆ మాట విన్న సాయంత్రం ఆయనకు అన్నం నేనే పెట్టాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు గానీ, నీళ్లు మాత్రం నన్నే అడిగాడు.

జూన్ సగంలో ఓబుళేసు మా షాపు ముందర స్కూటరు ఆపాడు. చెమట తుడుచుకుంటూ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏం చేస్తివి పాపా నువ్వు! ఒక్కడు వేలు పెట్టడంల్యా. కంపెనీ దిగొచ్చింది. గొర్ల షరతు మార్చి, తెలుగులోనే రాపించినాడు సార్. అయినా రసూలు కూతురు చదివితేనే వింటామంటాండారు. నేను చదువుతానంటే నవ్వినారు. ముప్పై ఏండ్ల సర్వీసు నాది!"

నాయన తలెత్తకుండా స్పానరు తుడుస్తున్నాడు. ఓబుళేసు సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ సర్టిఫికెట్. సార్ సంతకం పెట్టే పంపినాడు. వచ్చి చదివిపో, చాలు."

కవరు తెరిచి చూశాను. మంచి కాగితం, పైన ఆఫీసు పేరు, కింద సార్ సంతకం. నేను శ్రద్ధ గల విద్యార్థిననీ, డ్రాఫ్టింగులో మంచి నైపుణ్యం చూపాననీ రాశాడు. నాకు అది కావాలి. కావాలని ఎంత అనిపించిందో చెప్పలేను. రెండుసార్లు చదువుకుని, మళ్లీ కవర్లో పెట్టి ఓబుళేసు వైపు జరిపాను.

"చదువుతాన్నా. కానీ ఇది తీసుకుంటే నేను మీ ఆఫీసు మనిషినైతా. ఊరోల్ల తరపున కూర్చోని చదవాల నేను."

"దీనికీ దానికీ ఏం సంబంధం పాపా?"

"సార్‌నే అడుగు. కక్షిదారు ఎవరు అని నాకు నేర్పింది ఆయనే."

ఓబుళేసు నాయన వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు రసూలన్నా, చేతికొచ్చింది వద్దంటాది ఈ పిల్ల."

"ఆమె కాగితం, ఆమె ఇష్టం" అన్నాడు నాయన. తర్వాత స్పానరు పక్కన పెట్టి, "ఎన్ని గంటలకు రమ్మన్నారు?" అని అడిగాడు.

మళ్లీ అదే వరండా. బడి తెరిచారు గానీ ఆరోజు ఆదివారం. ఈసారి ఇరవై మంది కాదు, ఊరు ఊరంతా వచ్చింది. నాయన మోపెడ్ ఆపి, అందరికంటే ముందు వరసలో పోయి కింద కూర్చున్నాడు. జనం జరిగి ఆయనకు చోటిచ్చారు. వెంకటేశులు వెనకాల చెట్టు కింద ఫోను చూసుకుంటున్నాడు. ఓబుళేసు సిరా పలక మూత తీయకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

మొదట హనుమంతమ్మ పేరే. ఆమె నా ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చుంది. చదివాను. ఇరవై తొమ్మిదేళ్ల పదకొండు నెలల గడువు గురించి అడిగింది, చెప్పాను. "అప్పటికి నేనుండను, నా మనవడు అడిగితే భూమి తిరిగి ఇస్తారా?" అంది. ఇంకో ఇరవై ఏళ్లకు పొడిగించుకోవాలో వద్దో చెప్పే హక్కు కంపెనీదేనని ఉన్న పేజీ తీసి, అది రెండుసార్లు చదివాను. పదకొండో షరతు కొత్తగా రాసింది చదివాను. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించి, గొర్రెలను లోపలికి తోలుకోవచ్చు. వరండా మీది నీడ జరిగి నా వీపు మీదికి ఎండ వచ్చింది. గొంతు ఎండిపోయింది. నాయన లేచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, మళ్లీ పోయి కూర్చున్నాడు. ఆఖరి పేజీ దాకా ఒక్క మాటా వదలకుండా చదివాను.

"అయిపోయిందా?" అంది హనుమంతమ్మ.

"అయిపోయిందవ్వా."

"అంతా అర్థమాయ." ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. "ఇంగ నేను ఇయ్యను."

వెంకటేశులు ఫోను జేబులో వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అవ్వా! నువ్వు అడిగినట్లే రాస్తిమి కదా! గొర్లు మేపుకోవచ్చని రాస్తిమి కదా!"

"రాస్తిరి, విన్నా" అంది ఆమె నెమ్మదిగా. "నా చేన్లో నా గొర్లు మేపుకునేకి నేను కార్డు చూపించాల్నా? నా మీద ఆ పెత్తనం వద్దప్పా. ఇచ్చేవాల్లు ఇచ్చుకోనీ, నేను ఇయ్యను."

ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగి, చేల వైపు నడిచిపోయింది. అందరూ ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశారు. నాయన మాత్రం ఆమె పోయినంత దూరమూ ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాల పాపా?" అన్నాడు ఓబుళేసు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

ఆమె కాగితం పక్కన పెట్టి, ఇంకొక కాగితం తీసుకున్నాను.

"తిప్పన్నా, ఇట్లా వచ్చి కూర్చో. నీకు మొదటి నుంచి చదువుతా."